బరంపురంలో వృద్ధాశ్రమం వెతుకుతున్నారా? గదులకంటే ముందు డాక్టరు సంగతి అడగండి

మా మందుల షాపు ఒడిశాలోని బరంపురం గేట్ బజారులో. ఇరవై ఆరేళ్ళుగా ఆ కౌంటరు దగ్గరే ఉన్నాను. ఊళ్ళోని వృద్ధాశ్రమాల్లో మూడింటికి నెలనెలా మందులు మా దగ్గర్నుంచే వెళ్తాయి. అంచేత ఏ హోములో మంచాలు బాగుంటాయో నాకు తెలియదు గానీ, ఏ హోముకి డాక్టరు ఎన్నాళ్ళకోసారి వెళ్తున్నాడో చీటీ మీద తేదీ చూసి చెప్పేస్తాను. ఇంత తెలిసినవాణ్ణి, మా అమ్మని చేర్చే రోజున మాత్రం అందరిలాగే కిటికీలు చూశాను, వంటగది చూశాను, బాత్రూముకి మెట్టు లేదు కదా అని సంతోషించాను. డాక్టరు మాట ఎత్తితే "ట్వంటీఫోర్ అవర్సూ ఉంటారు సార్" అన్నారు. తలూపి వచ్చేశాను.

ఆ "ట్వంటీఫోర్ అవర్స్" అంటే గోడ మీద రాసి పెట్టిన 108 నంబరు అని తర్వాత తెలిసింది.

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు నుంచి అమ్మానాన్నల్ని ఇక్కడికి తీసుకొచ్చేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఇచ్ఛాపురం నుంచి పాతిక కిలోమీటర్లు దాటితే మా ఊరు. రాష్ట్రం మారుతుందన్న మాటే గానీ, 1936 దాకా ఇదీ మద్రాసు ప్రెసిడెన్సీయే. తెలుగు మాట్లాడేవాళ్ళకి ఇక్కడ కొదవ లేదు, పైగా పెద్ద మెడికల్ కాలేజీ ఉంది. పిల్లలేమో హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉంటారు. షాపుకి ఫోన్ చేసి "ఏ హోము మంచిదండీ" అని అడుగుతారు. "ఆ హోముకి డాక్టరు ఎవరో, ఎలా వస్తాడో కనుక్కున్నారా?" అని నేను తిరిగి అడుగుతాను. ఇక్కడ కనిపించే ఏర్పాట్లు నాలుగు రకాలు. ఒక డాక్టరుతో హోము నెలకింతని మాట్లాడుకుని వారం వారం రప్పించుకోవడం ఒకటి. ఎవరి ఫ్యామిలీ డాక్టరుని వాళ్ళు అట్టే పెట్టుకోవడం రెండోది. మూడోది ఏదో ఒక ఆసుపత్రికి అనుబంధంగా నడిచే హోము. నాలుగోది ఫోన్లో, వీడియోలో చూపించుకోవడం. ఇవేవీ లేని హోములు కూడా ఉన్నాయి, అమ్మ చేరింది అలాంటిదాన్లోనే.

అక్కడ జరిగింది కాస్త వివరంగా చెప్పాలి. అది చెప్తేగాని మిగతా పోలిక అర్థం కాదు.

అమ్మకి బీపీ. ఆమ్లోడిపిన్ అయిదు మిల్లీగ్రాములు, ఏళ్ళ తరబడి అదే బిళ్ళ. హోములో చేరిన మూడు నెలలకి బీపీ ఎక్కువగా ఉందని ఎవరో ఒక డాక్టరుకి చూపించారు. ఆయన టెల్మిసార్టన్, ఆమ్లోడిపిన్ కలిసిన బిళ్ళ రాశాడు. పాతది ఆపమని ఎవరూ అనలేదు, కంపెనీ పేరు వేరు కాబట్టి రెండూ ఒకటేనని ఆయాకి తెలియలేదు. ఆమ్లోడిపిన్ ఎక్కువైతే పాదాలు వాస్తాయి. వాచాయి. మరో డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే నీరు తీసే బిళ్ళ, ఫ్రూసెమైడ్, రాశాడు. దాన్ని సాయంత్రం వేసేవారు. రాత్రి నాలుగైదు సార్లు లేవడం మొదలైంది, నిద్ర పోయింది. నిద్ర లేదంటే ఇంకో డాక్టరు ఆల్ప్రజోలామ్ రాశాడు. అమ్మ పొద్దున్నే "కళ్ళు తిరుగుతున్నాయే" అనేది. ఆ ఆయా ఒడియా పిల్ల, తెలుగు ముక్కలు ముక్కలుగా వచ్చు. మంచం మీంచి లేస్తే తల తిరుగుతోందని చెప్పాలంటే ఒడియాలో "ముండొ బులాఉచి" అనాలి. ఆ పిల్లకి కళ్ళు అన్న మాటే అందింది. "మావుసీకి ఆఖి బాగోలేదు", అంటే పిన్నిగారికి కన్ను బాగోలేదని చెప్పింది. అమ్మకి కంట్లో చుక్కలు రాశారు.

ఒక తెల్లవారుజామున బాత్రూములో పడి మణికట్టు విరగ్గొట్టుకుంది.

ఎవర్ని తిట్టను? ఆ బిళ్ళలన్నీ మా షాపు నుంచే వెళ్ళాయి. ఒకటి నేనిచ్చాను, ఒకటి మా తమ్ముడిచ్చాడు. నిద్రమాత్రని షెడ్యూలు హెచ్1 రిజిస్టరులో రాసుకోవాలి, 2014 నుంచి ఉన్న రూలు అది, మూడేళ్ళు దాచాలి కూడా. తిరగేసి చూస్తే అమ్మ పేరు మా కుర్రాడి చేతిరాతలో ఉంది, పక్కన డాక్టరు పేరుతో సహా.

కట్టు కట్టించాక మా పాత ఫ్యామిలీ డాక్టరు గారిని బతిమాలి హోముకి తీసుకెళ్ళాను. ఆయన చీటీలు చూడలేదు. "ఉన్న స్ట్రిప్పులన్నీ పట్టుకురామ్మా" అని ఆయాతో చెప్పి దుప్పటి మీద పరిపించారు. తొమ్మిది రకాలు తేలాయి. అమ్మని పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకటి రెండు నిమిషాలాగి మరోసారి బీపీ చూశారు. నిలబడ్డాక పై అంకె ముప్ఫై పడిపోయింది. ఇరవై పడితేనే జాగ్రత్తపడాలట. "కళ్ళు తిరుగుతున్నాయని ఎన్నాళ్ళ నుంచి అంటున్నారు మామ్మగారూ?" అని అడిగితే అమ్మ నా వంక చూసింది. ఆ పూటే డబుల్ పడుతున్న ఆమ్లోడిపిన్ ఒకటి తీసేశారు. వాపు తగ్గాక నీళ్ళ బిళ్ళ అక్కర్లేకపోయింది. నిద్రమాత్రని మాత్రం ఒక్కసారిగా ఆపకూడదని నాలుగు వారాల పాటు ముక్కలు చేసి తగ్గించుకుంటూ వచ్చారు. ఒక మందు తెచ్చిన బాధకి ఇంకో మందు, దానికి మరొకటి. ముగ్గురు డాక్టర్లూ ఎవరికి వారు సరిగ్గానే రాశారు, కానీ మొత్తం బిళ్ళలు ఒక్కచోట చూసినవాడు లేడు. హోముకి డాక్టరు కావాలని నేను పట్టుబట్టేది ఇందుకే. జ్వరమొస్తే పరుగెత్తుకొచ్చేవాడు ఎక్కడైనా దొరుకుతాడు.

ఇక ఏర్పాట్ల దగ్గరికి వద్దాం.

వారం వారం వచ్చే డాక్టరు

నా ఓటు దీనికే, అయితే ఒక మెలిక ఉంది. వారం వారం రావడంలో రెండు రకాలున్నాయి. ఒక రకం డాక్టరు ఆఫీసు గదిలో కూర్చుంటాడు. మేనేజరు ఫైళ్ళ దొంతర తెచ్చి పెడతాడు, టీ వస్తుంది, టీ చల్లారేలోపు ఇరవై ఎనిమిది సంతకాలు. ఆ చీటీలు నా దగ్గరికొస్తాయి. అన్నిట్లోనూ ఒకటే పెన్ను, ఒకటే ముక్క: "రిపీట్ ఆల్". మనిషిని చూడకుండా రాసిన చీటీ వాసన మందుల షాపువాడికి తెలుస్తుంది.

రెండో రకాన్ని ఒక గురువారం దగ్గరుండి చూశాను. డాక్టరు వచ్చేసరికి సిస్టరు ఒక కాగితం మీద అయిదు పేర్లు రాసి ఉంచింది. ఒకాయన రెండ్రోజులుగా అన్నం తినడం లేదు. ఒకావిడ రాత్రిళ్ళు పరాకుగా మాట్లాడుతోంది. ఇంకొకాయన నడుం దగ్గర చర్మం ఎర్రబడింది. డాక్టరు ఆ అయిదుగురి దగ్గరికీ వెళ్ళి స్టూలు వేసుకుని కూర్చున్నారు. పరాకుగా మాట్లాడే ఆవిడకి పిచ్చిమందేమీ రాయలేదు, మూత్రం పరీక్షకి పంపారు. వయసు మళ్ళినవాళ్ళకి ఇన్ఫెక్షను వస్తే జ్వరానికి ముందే మాట తప్పడం మొదలవచ్చు. నడుం ఎర్రబడిన ఆయన్ని రెండు గంటలకోసారి పక్కకి తిప్పమని, తిప్పిన టైము గోడ మీది కాగితంలో రాయమని చెప్పారు. తక్కిన పాతిక మందిలో ఇద్దరి బిళ్ళల పెట్టెలు తీసి చూశారు, వచ్చే వారం ఇంకో ఇద్దరివట. మొత్తం గంటన్నర.

మా చెల్లెలి కూతురు ఇంగ్లండులో ఒక కేర్ హోములో నర్సు. దానికి ఈ సంగతి చెప్తే "మావయ్యా, ఇక్కడ అది రూలు" అంది. 2020 అక్టోబరు నుంచి అక్కడ ప్రతి కేర్ హోమునీ ఆ చుట్టుపక్కల ఫ్యామిలీ డాక్టర్ల జట్టు ఒకదానికి ముడిపెట్టారు. హోముకి ఫలానావారు బాధ్యులని పేరు ఉండాలి, వారానికోసారి రౌండు జరగాలి, ఎవర్ని ముందు చూడాలో హోము సిబ్బందితో మాట్లాడి తేల్చుకోవాలి, మందులన్నీ దగ్గర పెట్టుకుని సమీక్షించాలి. మనకి 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం ఉంది. జిల్లాకి కనీసం ఒకటైనా, నూటయాభై మంది నిరుపేద వృద్ధులకి సరిపడే ఆశ్రమం పెట్టాలని, సర్కారు ఆసుపత్రుల్లో పెద్దవాళ్ళకి వేరే వరస ఉండాలని అందులో ఉంది. డబ్బు కట్టి చేర్పించే హోములో డాక్టరు ఎలా రావాలన్నది మాత్రం మనం అడిగి కుదుర్చుకోవాల్సిందే.

కాబట్టి హోముకి వెళ్ళినప్పుడు "డాక్టరు వస్తారా" అని అడక్కండి, వస్తారనే చెప్తారు. "పోయిన వారం ఎవర్ని చూశారు, రిజిస్టరు చూపించండి" అనండి. పేర్లు చూపించకపోయినా ఫరవాలేదు, తేదీలూ రాతా చూస్తే చాలు. అన్నీ ఒకే రోజు, ఒకే ముక్క ఉంటే అర్థం చేసుకోండి.

మన పాత డాక్టరుని అట్టే పెట్టుకోవడం

ఇరవై ఏళ్ళుగా చూసిన మనిషి విలువ వేరు. అమ్మకి చిన్నప్పటి నుంచీ పెన్సిలిన్ పడదనీ, కంగారుపడితే బీపీ ఎగబాకుతుందనీ ఫైల్లో ఉండదు, ఆయన తలలో ఉంటుంది. డాక్టరు హోముకి దగ్గర్లో ఉండి, నెలకోసారైనా వస్తానంటే వదులుకోకండి.

చిక్కెక్కడంటే, ముప్ఫై మంది పెద్దవాళ్ళకి పన్నెండు మంది డాక్టర్లయితే సిస్టరుకి తల తిరుగుతుంది. ఒకాయన బిళ్ళ అన్నం ముందంటాడు, ఒకాయన తర్వాతంటాడు, ఒకాయన ఫోనులో చెప్తాడు, ఇంకొకాయన కొడుకుతో చెప్పి పంపిస్తాడు. ఆ కొడుకు మర్చిపోతాడు. పైగా మన డాక్టర్లకీ వయసొచ్చింది. మా డాక్టరు గారికి ఇప్పుడు డెబ్భై నాలుగు, రాత్రిపూట బయటికి రారు. ఈ దారి ఎంచుకుంటే ఒక్క షరతు పెట్టుకోండి: ఆయన ఏం మార్చినా హోము మందుల చార్టులోనే రాయాలి, మీ చేతికిచ్చే చీటీలో కాదు. వేరే డాక్టరు ఏ కొత్త బిళ్ళ రాసినా వేసేముందు ఈయనకి ఒక ఫోను వెళ్ళాలి.

ఆసుపత్రికి అనుబంధంగా ఉండే హోము

పక్షవాతం వచ్చి మంచాన పడ్డవాళ్ళకి, ముక్కులో గొట్టంతో ఆహారం వెళ్ళేవాళ్ళకి, మూత్రం గొట్టం ఉన్నవాళ్ళకి, ఆక్సిజన్ అవసరం పడేవాళ్ళకి ఇది మేలు. గొట్టం ఊడితే అర్ధరాత్రి పెట్టగలిగే చెయ్యి దగ్గర ఉంటుంది. తమంతట తాము నడుస్తూ తింటూ ఉన్నవాళ్ళకి మాత్రం నేను వద్దంటాను. డ్యూటీ డాక్టరు పూటపూటకీ మారతాడు, దగ్గితే ఎక్స్‌రే, నీరసమంటే సెలైను. మన మనిషి మామూలుగా ఎలా ఉంటాడో తెలియని డాక్టరు ఏం చేస్తాడు పాపం, పరీక్షలే రాస్తాడు.

డెబ్భై దాటిన వాళ్ళకి 2024 నుంచి ఇస్తున్న ఆయుష్మాన్ వయో వందన కార్డు ఉంటే అయిదు లక్షల దాకా ఖర్చు గడుస్తుందని హోములో చెప్తారు. నిజమే, కానీ ఆ కార్డు ఆసుపత్రిలో పడుకుంటేనే. డాక్టరు హోముకొచ్చి చూసిన ఫీజుకి గానీ, నెలవారీ బిళ్ళలకి గానీ పనికిరాదు. ఇంట్లో ఇద్దరు డెబ్భై దాటినవాళ్ళుంటే ఆ అయిదు లక్షలూ ఇద్దరికీ కలిపే.

ఏ హోమైనా సరే, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాల్సి వస్తే వెంట ఎవరుంటారో ముందే తేల్చుకోండి. వార్డులో పేషెంటు పక్కన మనిషి లేకపోతే పరీక్షకి ఎవరు తోసుకెళ్తారు, మందు ఎవరు తెస్తారు? "ఆంబులెన్సు ఎక్కించి మీకు ఫోను చేస్తాం" అనే హోములున్నాయి. బెంగుళూరు నుంచి మీరు వచ్చేసరికి మర్నాడవుతుంది.

ఫోన్లో డాక్టరు

ఉప్పులాంటిది. కూరలో ఉండాలి, ఉప్పే కూర కాదు. 2020 మార్చిలో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం రిజిస్టరయిన డాక్టరు దేశంలో ఏ రాష్ట్రంలోని పేషెంటునైనా ఫోన్లో, వీడియోలో చూడొచ్చు. అంటే సోంపేటలోనో విశాఖలోనో ఉన్న మీ పాత డాక్టరు బరంపురం హోములో ఉన్న మీ నాన్నగారిని నెలకోసారి వీడియోలో పలకరించవచ్చు, నడుస్తున్న మందుల్ని కొనసాగించవచ్చు. ప్రభుత్వం వారి ఈ-సంజీవని అయితే ఉచితం కూడా. అయితే మార్ఫిన్ వంటి మందులు ఫోన్లో రాయకూడదు, కాబట్టి కేన్సరు నొప్పితో ఉన్నవాళ్ళకి ఇది చాలదు. వీపు మీద పుండు ఫోన్లో కనబడదు, వాసన అసలే రాదు. వీడియో పట్టుకునే సిస్టరు బీపీ సరిగ్గా చూడగలదా, షుగరు చూసి అంకె రాసి ఉంచుతుందా అన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

సరిహద్దులో ఉన్నందుకు అదనంగా చూసుకోవాల్సినవి

ఉద్దానం నుంచి వచ్చేవాళ్ళు, అంటే కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు వైపు వాళ్ళు, హోములో చేర్చే ముందు కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్, చేయించి ఆ కాగితం ఫైల్లో అన్నిటికంటే పైన పెట్టండి. అక్కడి కిడ్నీ జబ్బు సంగతి మనకి తెలుసు గానీ కోరాపుట్ నుంచో కటక్ నుంచో వచ్చిన కుర్ర డాక్టరుకి తట్టకపోవచ్చు. మోకాళ్ళ నొప్పులని డైక్లోఫెనాక్ వారాల తరబడి వాడితే ఆ ఉన్న కాస్త కిడ్నీ కూడా పోవచ్చు. షుగరుకి వాడే గ్లిబెన్‌క్లమైడ్ కిడ్నీ సరిగ్గా లేనివాళ్ళలో బయటికి పోకుండా ఉండిపోయి, తెల్లవారేసరికి షుగరు పడగొడుతుంది. పెద్దవాళ్ళకి ఏ మందులు తగవో అమెరికాలో బీర్స్ అనే డాక్టరు పేరుతో 1991 నుంచి ఒక జాబితా నడుస్తోంది. ఈ బిళ్ళా, అమ్మ మింగిన నిద్రమాత్రా రెండూ అందులో ఉన్నాయి. ఇప్పటికీ మా కౌంటరుకి వారానికి రెండు మూడు చీటీలు వాటితో వస్తాయి.

భాష సంగతి అమ్మ కంటి చుక్కలతోనే చెప్పాను. మతిమరుపు జబ్బు ముదిరినవాళ్ళలో కొందరు మధ్యలో నేర్చుకున్న భాషలు ముందు వదిలేస్తారు. నలభై ఏళ్ళు ఒడియాలో ఉద్యోగం చేసిన మా పెదనాన్నగారు చివరికి తెలుగే, అదీ పాతపట్నం యాసలో, మాట్లాడేవారు. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు చూసేవాళ్ళకైనా ఇదే మాట చెప్తాను: డాక్టరుకి తెలుగు రాకపోతే సర్దుకోవచ్చు, రాత్రి డ్యూటీ ఆయాకి రావాలి. డాక్టరుకి చెప్పేది ఆ ఆయానే.

చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా ఇంకొకటి. పోయిన తర్వాత కాగితాలు. మరణం ఎక్కడ జరిగితే అక్కడి రిజిస్ట్రారు దగ్గరే, ఇరవై ఒక్క రోజుల్లోపు నమోదు చేయించాలి. అంటే ఒడిశాలోనే. కారణం రాసి సంతకం పెట్టాల్సింది ఆఖరి జబ్బులో చూసిన డాక్టరు. అలా చూస్తూ వచ్చినవాడు లేకపోతే ముక్కూ మొహం తెలియని డాక్టరు పెట్టడు, పెట్టకూడదు కూడా. శవాన్ని ఇంటి ముందు ఉంచుకుని సంతకం కోసం ఊరంతా తిరిగినవాళ్ళని చూశాను. సర్టిఫికెట్టులో పేరు ఆధార్‌తో సరిచూసుకోండి. ఒడియా రాతలో మన "వ" "బ" అయిపోతుంది. వెంకట కాస్తా బెంకట అయితే శ్రీకాకుళంలో పింఛను ఆఫీసువాడు ఒప్పుకోడు.

మరి ఏది తీసుకోవాలి

మనిషి నడుస్తూ, మూడు నాలుగు బిళ్ళలతో నెట్టుకొస్తుంటే, పాత డాక్టరు దగ్గర్లో ఉంటే ఆయన్నే ఉంచండి, హోము చిన్నదైనా ఫరవాలేదు. బిళ్ళలు అయిదు దాటాయా, ఈ ఏడాదిలో ఒక్కసారైనా పడ్డారా, బీపీ షుగరు కిడ్నీ మూడూ ఉన్నాయా, అప్పుడు వారం వారం మంచం దగ్గరికొచ్చే డాక్టరున్న హోమే చూడండి, గది ఇరుకైనా సరే. మంచాన ఉన్నవాళ్ళకి ఆసుపత్రి దగ్గరిది. పిల్లలు దూరాన ఉంటే వీటిలో ఏదానికైనా ఫోను డాక్టరుని తోడు పెట్టుకోండి. పాత డాక్టరూ, హోము డాక్టరూ ఇద్దరూ ఉంటే ఎవరి మాట చెల్లాలో చేర్చిన రోజే ఇద్దరికీ చెప్పేయండి. మొహమాటపడితే ఆ మధ్యలో నలిగేది ముసలి ప్రాణం.

అమ్మని చివరికి ఆ గురువారం డాక్టరున్న హోముకే మార్చాను. కిటికీ అవతల పక్కింటి గోడ తప్ప ఏమీ కనబడదని మొదటి నెలంతా సణిగింది. ఆవిడ బిళ్ళలు తొమ్మిది నుంచి నాలుగుకి దిగాయి. షాపులో ఆవిడ పేరు మీద ఉన్న డబ్బాలో సగం ఖాళీ అయితే మా కుర్రాడు దాన్లో రబ్బరు బ్యాండ్లు వేసుకున్నాడు.

సెప్టెంబరులో హోముకి వెళ్ళేవాళ్ళు ఇంకో ప్రశ్న కూడా అడిగి రండి: తుపానుకి మందుల నిల్వ ఎన్ని రోజులకి ఉంది? ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస వైపు. ఆ రెండుసార్లూ రోడ్లు తెరుచుకునేదాకా నేను షట్టరు ఎత్తలేకపోయాను. పదిహేను రోజుల బిళ్ళలు, ఇన్సులిన్ ఉంటే దానికి కరెంటు లేకుండా చల్లగా ఉంచే ఏర్పాటు, డాక్టరు రాకపోతే ఏ మందు ఆపకూడదో ఆయన చేత్తో రాసిన కాగితం. ఈ మూడూ చూపించగలిగితే అడ్వాన్సు కట్టేయండి.